తడిని నమ్మని మనిషి

మొన్న ముహూర్తాల్లో అవినాశికి ఒక పెళ్ళికి పోయాను. మండపంలో ఆడవాళ్ళ బాత్రూములో, గోడ టైలుకు నడుమెత్తున ఒక పొడుగాటి ప్లాస్టిక్ కవరు అంటుకుని వేలాడుతోంది. నోరు చించి ఉంది. లోపల నాలుగు నీటి చుక్కలు. ఎవరో వాడుకుని, పీకి పారేయడం మరిచి వెళ్ళిపోయారు. సంగతి తెలియనివాళ్ళు చూస్తే ఏ తలనూనె కవరో అనుకుంటారు. నాకు తెలుసు. ఇంకెవరి కంటా పడకుండా చెత్తబుట్టలో వేద్దామని పట్టుకుంటే, దాని వెనకున్న జిగురు బిళ్ళ వదిలితేనా! గోరుతో గీకాను. గీకుతున్నంతసేపూ నా నోటివెంట ఒక తిట్టు వస్తూనే ఉంది: "దీన్ని చేసినోడి చెయ్యి ఎప్పటికీ ఆరకుండా పోనీ!"

తిట్టు నాది కాదు, మా అక్కది. ఆమె పోయి ఏడాది దాటింది. తిట్టు మాత్రం నాకు వదిలిపోయింది. ఆ పూట విస్తరి ముందు కూర్చున్నానే గానీ ఏం తిన్నానో అడిగితే చెప్పలేను.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య, నా పెద్ద తోడికోడలు. పీలమేడులో మాది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆ పొయ్యి ఆమెది. నన్ను ఆమె పేరు పెట్టి పిలవగా ఎవరూ వినలేదు. "చిన్నదానా" అనేది. నాకు మనవలు పుట్టి బడికి పోతున్నా నేను చిన్నదాన్నే.

ఆమెకు తడి అంటే నమ్మకం లేదు. ఇంట్లో ఏ మనిషి ఎదురైనా, ఏ వస్తువు చేతికొచ్చినా ముందు ఒకటే అడుగుతుంది: "ఆరిందా?" తలకు పోసుకుని వచ్చిన పిల్లను అడుగుతుంది. కడిగి బోర్లించిన గిన్నెను అడుగుతుంది. మిల్లు నుంచి చెమటతో వచ్చిన బావగారిని కూడా, చొక్కా విప్పి దండెం మీద వెయ్యగానే, ఆయన్ను కాదు, చొక్కాను చూసి అడిగేది. అప్పడాలు, వడియాలు, మిరపకాయలు, నిమ్మకాయ ముక్కలు, చింతపండు, బియ్యం, దిండ్లు, పట్టుచీరలు, అన్నీ వరసగా మొట్టమాడి మీద ఎండలో పడుకోవాల్సిందే. మేడ మీది ఖాళీ కప్పును మేము మొట్టమాడి అనే అంటాం. ఆ మొట్టమాడిలో ఎండ ఏ మూలకు ఏ వేళకు వస్తుందో ఆమెకు తెలిసినంతగా సూర్యుడికి కూడా తెలియదని మా ఆయన నవ్వేవాడు.

ఇంకో రెండు అలవాట్లు. ఏ వస్తువైనా వాడేముందు వాసన చూస్తుంది. కొత్త సబ్బును కూడా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దుతుంది. పాకమైనా, పిండైనా, బెండకాయ జిగురైనా, గుడ్డ నాణ్యమైనా ఆ రెండు వేళ్ళే తేల్చాలి. కన్ను అబద్ధం చెప్తుందట, వేలు చెప్పదట.

చేతులు కడుక్కునే తీరు మరీ వింత. పని ముందు కడుగుతుంది, పని తర్వాత కడుగుతుంది, మధ్యలో విసుగొచ్చినా కడుగుతుంది. కడిగాక చీరకు తుడుచుకోదు, తువాలుకు తుడుచుకోదు. "తుణిలో ఏముండాదో ఎవరికి తెలుసు?" అంటుంది గుడ్డను చూసి. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విడదీసి, గాలికి ఆరేదాకా అట్లాగే నిలబడుతుంది. ఆరేలోపల ఇంకో పని గుర్తొస్తే తడిచేతుల్తోనే అందుకుంటుంది. మొత్తానికి, తడిని నమ్మని ఆ మనిషి చేతులు నేను చూసినంతకాలం తడిగానే ఉండేవి.

అట్లాంటి మనిషికి, డెబ్భై దాటాక, తడి లేకపోతే గడవని రోజులు వచ్చాయి.

సుగర్ ఆమెకు ఏనాటి నుంచో ఉంది. అది లోపల్లోపల నరాలను తినేసింది. ఒంటేలు తనంతట తాను రావడం ఆగిపోయింది. పొట్ట ఉబ్బి, చలిజ్వరం వచ్చి, ఆసుపత్రిలో చేరిస్తే ట్యూబు వేసి, కాలి పక్కన సంచి తగిలించి పంపారు. ఇంటికి వచ్చిన మనిషి వీధి గది దాటి లోపలికి రాలేదు. ఎంత పిలిచినా రాలేదు.

"సంచి మోసుకోని పొయ్యి దగ్గరికా? ఏం మాట్లాడుతుండావే చిన్నదానా?"

"నిన్ను ఎవరొద్దన్నారక్కా?"

"ఎవరనాల? నాకు లేదా బుద్ధి?"

ఆ ఇంట్లో మడి, మైల అని పట్టుకు వేలాడేది ఆమె ఒక్కతే. నియమం ఆమెదే, శిక్ష కూడా ఆమెకే. వాకిట్లో కుర్చీ వేసుకుని, వంటింట్లోంచి వచ్చే వాసనను బట్టి "పోపు మాడింది", "చింతపండు ఎక్కువ పోసినావు" అని అక్కడినుంచే కేకలు వేసేది. చెప్పిందల్లా నిజమే అయ్యేది. అదే ఇంకా కష్టంగా ఉండేది. వాసన ఇంత బాగా తెలిసే మనిషి, లోపలికి వచ్చి గరిట పట్టుకోదు.

కొన్నాళ్ళకు డాక్టరు ఒక దారి చెప్పాడు. సంచి తీసేయవచ్చు, వేళకు వేళ తనే సన్నటి ట్యూబు పెట్టుకుని ఖాళీ చేసి, తీసి పారేయవచ్చు. ఒక్కోసారికి ఒక్కో కొత్త ట్యూబు, ఒక్కోటి ఒక్కో కవరులో. శుభ్రంగా చేసుకుంటే సంచి అక్కరలేదు. శుభ్రం తప్పి జ్వరాలు మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం సంచి ఎప్పటికీ ఉండిపోతుంది. అంతే, ఆ రెంటిలో ఒకటి. సంచి లేకపోతే వంటిల్లు. సంచి ఉంటే వీధి గది.

"నేర్పించు" అంది అక్క నర్సమ్మతో, పెళ్ళికూతురు తాళికి మెడ వంచినట్టు గట్టిగా ఊపిరి పీల్చుకుని.

ఆ కవరు సంగతి చెప్పాలి. ట్యూబు మీద ఏదో పూత ఉంటుంది. ఎండుగా ఉంటే అది కాయితంలా గరగరలాడుతుంది. నీళ్ళు తగిలితే జారుతుంది, వేళ్ళలో నిలవని చేపపిల్లలాగా. అందుకని కవరులోనే ఒక మూల చిన్న నీళ్ళ పొట్లం పెట్టి మూసి ఉంచుతారు. వాడేముందు ఆ పొట్లాన్ని పైనుంచే వేళ్ళతో నొక్కి లోపలే చిట్లించాలి. కవరును పైకీ కిందికీ ఆడించి నీళ్ళు ట్యూబు పొడవునా పారించాలి. అర నిమిషం ఆగాలి. జిగురు బిళ్ళతో గోడకు అంటించుకుని, నోరు చించి, ట్యూబును ముట్టకుండా, దాని మెడకున్న తొడుగు పట్టుకుని బయటికి లాగాలి. వెంటనే వాడాలి. ఆలస్యమైతే పూత ఆరి లోపల పట్టేస్తుంది. ఇదంతా మొదలుపెట్టే ముందు చేతులు సబ్బుతో కడగాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. చేతులు కడగమన్నదీ వాళ్ళే, జారుడు ప్లాస్టిక్కు మీద గోరంత చెవి పెట్టి పట్టుకుని చించమన్నదీ వాళ్ళే. కడిగిన చెయ్యి తడిగా ఉండదా? తడిచేతికి ప్లాస్టిక్కు నిలుస్తుందా? కవరు మీద బొమ్మలు వేసి ఉన్నాయి, చదువు రాని నాబోటివాళ్ళ కోసం. బొమ్మలో చేతులు నున్నగా, పొడిగా, కీళ్ళనొప్పి అనేది ఎరగనట్టు ఉన్నాయి. రెండు వేళ్ళతో సుతారంగా లాగుతున్నాయి. మా అక్క వేళ్ళు అల్లం కొమ్ముల్లాంటివి. అవి ఆ బొమ్మలో లేవు.

మొదటి రోజు నర్సమ్మ మా బాత్రూములోనే నిలబడి నేర్పింది. అంతా బాగానే జరిగింది. ట్యూబు బయటికి వచ్చింది. రాగానే అక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత ఆ రెండు వేళ్ళూ చాపి చటుక్కున రుద్దింది.

"తొడాదీంగ పాటీ!" అని నర్సమ్మ అరిచింది. ముట్టుకోవద్దు అవ్వా అని.

"ముట్టకుండా ఎట్ల తెలుస్తాది సిస్టరు, జిగురు పట్టిందో లేదో?"

"పట్టుంటుంది పాటీ. నమ్మండి."

"దీన్నా?" అని అక్క ఆ ట్యూబును తేరిపార చూసింది. "మూసిన కవరులో నీళ్ళు. ఎన్ని నెలలుగా ఉండాయి ఇవి లోపల?"

నర్సమ్మ కవరు వెనక అచ్చు చూసి, "ఇంకా రెండేళ్ళు వాడచ్చు పాటీ" అంది.

అక్క నావైపు తిరిగింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "వింటివా చిన్నదానా? రెండేళ్ళ నీళ్ళు. రాత్రి నానబెట్టిన పప్పు తెల్లారి మధ్యాహ్నానికి వాసనొస్తాది మన ఇంట్లో. దీనికి రెండేళ్ళు!"

ఆ ట్యూబు పారేసి ఇంకోటి తెరవాల్సి వచ్చింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఆ రెండు వేళ్ళు ఊరుకోలేదు. నేను పక్కన లేనప్పుడు ఒకసారి రుద్ది చూసేది. నాకెట్లా తెలుసంటే, అర నిమిషం ఆగమంటే ఆమె లెక్క పెట్టదు, ఆవాలు వేస్తే చిటపటమని ఆగేంత సేపు అని మనసులోనే కొలుచుకుంటుంది. ఆ కొలత అయిపోయాక "ఊఁ" అని సంతృప్తిగా ఒక శబ్దం వచ్చేది తలుపు లోపలినుంచి. అది పాకం తీగ సాగినప్పుడు వచ్చే శబ్దం. వేలు పెట్టకుండా ఆ శబ్దం రాదు.

తెరవడం మరీ అధ్వాన్నం. తడిచేతుల్తో లాగి లాగి, చివరికి పళ్ళతో చించేది. పళ్ళతో వద్దంటే కత్తిపీట దగ్గరికి పోయేది. కత్తిపీటకు ఉల్లిపాయ వాసన ఉంటుందంటే, కడిగాను కదా అనేది.

"నేను తెరిచి ఇస్తానక్కా. నా చేతులు పొడిగా ఉన్నాయి."

"ఫో. నా ఒంటి పని నేను చేసుకోలేనా? నేను పడిపోయినాక వచ్చి తెరువు నువ్వు."

"పడిపోయినాక ఎందుకు తెరవడం?"

"అందుకే చెప్తుండా, రావద్దని."

ఆమెతో వాదన ఎప్పుడూ ఇట్లాగే ముగిసేది. గెలిచింది ఎవరో తెలియకుండా, తలుపు మాత్రం మూసుకునేది. లోపలినుంచి ప్లాస్టిక్కు గరగర, జారిన చప్పుడు, తర్వాత ఆ తిట్టు. తయారుచేసినవాడు ఎక్కడున్నాడో, ఏ దేశంవాడో. వాడి చేతులు ఎప్పటికీ ఆరకూడదని, తడిచేతుల్తో వాడు అన్నం పొట్లాలూ సబ్బు కవర్లూ చించుకోలేక ఏడవాలని ఆమె కోరిక.

ఒకసారి జ్వరం వచ్చింది. మందులతో తగ్గింది. డాక్టరు వేలు చూపించి హెచ్చరించాడు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఆ కంపెనీ పిల్ల ఒకతి కూర్చుని ఉంది. వాడేవాళ్ళు ఏమంటున్నారో కనుక్కోవడానికి వచ్చిందట. మొదట తమిళంలో మాట్లాడింది. మేమిద్దరం మాలో మేము మాట్లాడుకోవడం విని, "మీరూ మనవాళ్ళేనా? మాది అవినాశి" అని తెలుగులోకి దిగింది. అక్క ముఖం విప్పారింది. నాకు భయమేసింది. అక్క ముఖం విప్పారిందంటే ఎదుటివాళ్ళకు మూడిందన్నమాటే.

"ఏం పాపా, ఈ కవరు నువ్వేనా చేసింది?"

"నేను కాదు పెద్దమ్మా, నేను చెప్తాను వాళ్ళకు. ఏమన్నా కష్టముందా?"

అక్క ఆ పిల్ల చేతిలో సీసాలోని నీళ్ళు ఆ పిల్ల చేతులమీదే పోసింది. చేతిసంచిలోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. "తెరువు."

పాపం, ఆ పిల్ల నవ్వుతూనే లాగింది. జారింది. మళ్ళీ లాగింది. చున్నీకి తుడుచుకోబోతే అక్క పట్టుకుంది. "ఊహూఁ. చున్నీలో ఏముండాదో."

మూడో పట్టుకు చిరిగింది. ఆ పిల్ల వయసు వేళ్ళు కాబట్టి చిరిగింది. చిరిగాక నెమ్మదిగా చెప్పింది. "చాలామంది ఇదే అంటారు పెద్దమ్మా. కానీ అతుకు వదులు చేస్తే, గాలి పోతుంది లోపలికి. తడి ఆరిపోతుంది, క్రిమి దూరుతుంది. గట్టిగా ఉంటేనే లోపల శుభ్రం. తేలిగ్గా తెరుచుకునేది, తడి ఆరనిది, రెండూ ఒకటే కవరులో కుదరడం కష్టంగా ఉంది వాళ్ళకు."

ఆ మాటలో నిజం ఉందని నాకు తోచింది. అక్కకూ తోచిందనుకుంటాను. మూత బిగువుగా లేని జాడీలో ఊరగాయ ఏమవుతుందో ఆమెకు తెలియనిదా? చిరిగిన కవరును అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అంది:

"అట్లైతే తెరిచేదానికి ఒక మనిషిని కూడా లోపల పెట్టి అమ్మమను."

ఆ పిల్ల పకపకా నవ్వింది. తప్పకుండా చెప్తానంది. చెప్పే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన డబ్బాలో కవర్లూ అట్లాగే ఉన్నాయి, గోరంత చెవితో.

ఇంతలో చిత్తిరై నెల ఎండలు వచ్చాయి. నేను మేలూరులో మా చెల్లెలింటికి పోయి కొన్నాళ్ళు ఉన్నాను. అక్క కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు. నేను తిరిగి వచ్చేసరికి అక్క మంచం మీద ఉంది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. చీరకు నెత్తురు మరకలు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం.

డాక్టరు చూసి బయటికి వచ్చి, "లోపలంతా గీరుకుపోయింది. ట్యూబు ఎండుగా పెట్టారు. ఎవరు చేశారు ఈ పని?" అన్నాడు. అక్క కొడుకు నావైపు చూశాడు. నర్సమ్మ నావైపు చూసింది. డాక్టరూ చూశాడు. ఇంట్లో ఆడదిక్కు నేనే కదా. నేను మేలూరు బస్సు దిగి, చేతిసంచి కూడా కింద పెట్టకుండా నిలబడి ఉన్నాను. అక్క కళ్ళు మూసుకుని పడుకుంది. ఆమెకు మెలకువగానే ఉందని నాకు తెలుసు, కనురెప్పలు అదురుతున్నాయి. ఒక్క మాట అనలేదు. నేనే మాటలు పడ్డాను.

జ్వరం తగ్గాక, ఎవరూ లేనప్పుడు అడిగాను. "అక్కా, ఏం చేశావు?"

"ఏం చేసినా? ఒక కవరు తీస్తే లోపల చెమట పట్టినట్టు చుక్కలుండాయి. వాసన చూస్తే ఒక మాదిరి ముక్కిన వాసన. డబ్బా మొత్తం చెడిపోతాదని వెయిల్లో పెట్టించినా."

"ఎండలోనా?"

"మొట్టమాడిలో. ఇల్లు తుడిచే పిల్ల చేత. మిరపకాయల పక్కన."

ట్యూబుకు కావాల్సిన తడి పోకుండా ఉండటానికే అంత గట్టిగా మూసిన కవర్లను ఆమె చిత్తిరై ఎండలో, వడియాల్లాగా పరిచి, రోజూ తిరగేసి, ఎండబెట్టింది. అతుకులు కొన్ని ఎండకు వదిలేశాయి, నీళ్ళ పొట్లాలు కొన్ని ఉట్టివైపోయాయి.

"నీళ్ళు లేవు కదా అక్కా లోపల? నొక్కితే తెలియలేదా?"

"తెలిసింది. పోసినా."

"ఏం పోశావు?"

"కాచిన నీళ్ళే. తాగేవి."

మా ఇంట్లో తాగే నీళ్ళంటే జీలకర్ర వేసి కాచిన నీళ్ళు. పసుపురంగులో ఉంటాయి. అవి పోసింది, ట్యూబు మీద. దాని పూతకు ఆ నీళ్ళు ఎట్లా పట్టాయో, పట్టలేదో, అప్పటికే ఎండకు పూత పెచ్చులు లేచిందో, నాకు తెలియదు. నేను తలకొట్టుకున్నాను. నిజంగానే, ఆసుపత్రి మంచం కడ్డీకి.

"నీ తల ఎందుకే కొట్టుకుంటావు?" అంది. "వెయిల్లో పెట్టింది తప్పా? ఊర్లో అందరూ పెడతారు. పుట్టిన బిడ్డను పెడతారు. ఎండ చెయ్యని శుభ్రం ఆ కవరు చేస్తాదా?"

అరవాలనిపించింది. అరవలేదు, పక్క మంచాలవాళ్ళు ఉన్నారు. కానీ ఈ రోజుకూ నాకు ఎవరిమీద కోపమో తేల్చుకోలేను. ఆమె మీదా? ఎండబెట్టవద్దని ఒక బొమ్మ వెయ్యాలని తోచనివాళ్ళ మీదా? వేశారట కూడా. తర్వాత ఆమె కొడుకు డబ్బా తిప్పి చూపించాడు, ఒక మూల, సూర్యుడి బొమ్మ మీద అడ్డగీత. అక్కకు చూపిస్తే, "సూర్యుణ్ణి కొట్టేసినారా! ఎంత ధైర్యం!" అంది. డాక్టరు మీదా? నన్ను ఒక మాటైనా అడగకుండా నావైపు చూసినందుకా? ఒక్కో రోజు ఒక్కొక్కరి మీద వస్తుంది.

సంచి మళ్ళీ వచ్చింది. వీధి గది మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె వాకిట్లోంచి కేకలు వెయ్యలేదు. పోపు మాడినా ఊరుకుంది. ఒకరోజు కావాలనే ఆవాలు మాడ్చాను. ఊరుకుంది.

గాయం మానాక డాక్టరు ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు, ఒక షరతు మీద. తెరవడం ఇంకొకరు చెయ్యాలి. ఆమె వేళ్ళు ట్యూబుకు తగలకూడదు. తొడుగు పట్టుకుని పెట్టుకోవడం మాత్రమే ఆమె పని.

"అక్కరలేదు" అంది అక్క. సంచే ఉండనీ అంది. ఇంటికి వచ్చి కూడా అదే మాట. నేను బతిమాలలేదు. బతిమాలితే ఇంకా బిగుసుకునే రకం. తెల్లవారి పొయ్యి దగ్గర ఉంటే, వీధి గదిలోంచి కేక వినిపించింది, కూర తరగమని పిలిచినట్టే:

"చిన్నదానా! ఆ సంచి పీకించేదానికి ఎప్పుడు పోతాం?"

అట్లా మొదలైంది. వేళకు పిలుస్తుంది. నేను పోయి చేతులు కడుగుతాను. ఆమె లాగే గాలికి చాచి ఆరబెడతాను, తువాలు ముట్టనివ్వదు కాబట్టి. చేతులు ఆరేదాకా ఇద్దరం ఒకరినొకరం చూడకుండా నిలబడతాం. కవరు గోడకు అంటిస్తాను, పొట్లం చిట్లిస్తాను, ఆడిస్తాను, ఆవాల లెక్క ఆగుతాను, చించి, తొడుగు పట్టుకునేట్టు అందిస్తాను. అందుకోగానే ఆమె అనే మాట ఒకటే:

"తిరుక్కో."

నేను గోడవైపు తిరుగుతాను. తిరిగిన వెంటనే ఆమె మాట్లాడటం మొదలుపెడుతుంది. ఒక క్షణం ఖాళీ ఉండనివ్వదు. బావగారు పెళ్ళిచూపుల్లో ఆమె చేతులు తప్ప ఏమీ చూడలేదని ఆ గోడ ముందే విన్నాను. ఆమె అమ్మ కరువులో ఈత గింజలు దంచి గంజి కాచిన సంగతి అక్కడే విన్నాను. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నా వంకాయ పులుసు తనకంటే బాగుందని భయపడి, అందరి ముందూ ఉప్పెక్కువైందని అన్నదట. అది కూడా అక్కడే చెప్పింది, నా వీపుకు. ఎదురుగా చెప్పేది కాదు. ఆ మాటలన్నీ ఎందుకో నాకు తెలుసు. ఆ వేళ వచ్చే చప్పుడు నాకు వినపడకూడదు, అంతే. పని ముగిశాక "ఊఁ, పో" అనేది. మాట ఎంత మంచి చోట ఉన్నా అక్కడ తెగిపోయేది. ఈత గింజల గంజి రుచి ఎట్లా ఉందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆమె వంటింట్లోకి వచ్చింది. గరిట లాక్కుంది. "ఆరిందా?" అని పళ్ళాలను అడిగింది. జ్వరాలు రాలేదు. కవరు మాత్రం నన్నూ ఏడిపించేది. పొడిచేతికి కూడా ఒక్కోసారి చెవి తెగి చేతికొచ్చేది, నోరు తెరుచుకునేది కాదు. అప్పుడు ఇద్దరం కలిసి ఆ తయారుచేసినవాణ్ణి తిట్టేవాళ్ళం. ఒకరు మొదలుపెడితే ఒకరు ముగించేవాళ్ళం.

తర్వాత ఆమె గుండె బలహీనపడింది. నడక తగ్గింది, తిండి తగ్గింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని చూసేది, చెప్పేది తగ్గింది. అయినా ఆ చిన్న గదిలో "తిరుక్కో" మాత్రం అంతే గట్టిగా ఉండేది. అది వినిపించినంతకాలం నాకు ధైర్యంగా ఉండేది.

ఒక పొద్దున వేళ దాటినా పిలవలేదు. నేనే పోయి లేపి, పట్టుకుని నడిపించి కూర్చోబెట్టాను. చేతులు కడిగి ఆరబెట్టాను. అంటించాను, చిట్లించాను, ఆడించాను, ఆగాను. చించి అందించాను. అందుకుంది. నేను ఆ మాట కోసం చూశాను. ఆమె నన్నే చూస్తూ కూర్చుంది. పూత ఆరిపోతుందని నాకు గాబరా.

"అక్కా, తిరుక్కోనా?"

"నీ ఇష్టం చిన్నదానా."

అన్నేళ్ళలో ఉప్పు చిటికెడు కూడా నా ఇష్టానికి వదిలిన మనిషి కాదు. ఆ మాట ఒక్కసారి అంటే చాలని ఒకప్పుడు ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో. ఇప్పుడా ఇచ్చేది? దీంట్లోనా? ఒళ్ళు మండిపోయింది నాకు.

"నా ఇష్టమేంది? నేను తిరుక్కుంటా. నువ్వు చూసుకో" అని గట్టిగానే అని, గోడవైపు తిరిగాను.

వెనక మాట లేదు. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ ఎరగను. గొంతు సవరించుకుని నేనే మొదలుపెట్టాను. మేలూరులో మా చెల్లెలి వియ్యపురాలు కందిపప్పు అనుకుని పెసరపప్పుతో సాంబారు పెట్టి పెళ్ళివారికి వడ్డించిన సంగతి, అవసరం లేనంత పెద్ద గొంతుతో చెప్పాను. నాకు ఏమీ వినపడటం లేదని ఆమెకు తెలియాలి కదా. మధ్యలో, సాంబారులో ఇంగువ ముందు వేసి చింతపండు తర్వాత పోసిందని కావాలనే తప్పు చెప్పాను. తిడుతుందని ఆగాను.

తిట్టలేదు. నేను ఆపలేదు. ఇంకొంచెం గొంతు పెంచి, ఆ వియ్యపురాలి మొగుడు ఏమన్నాడో చెప్పడం మొదలుపెట్టాను.